నలభై దాటాక కంప్యూటర్ పనిలోకి: శిక్షణ నుంచి ఇంటర్న్‌షిప్ దాకా ఎలా చేయాలి

"నాకు నలభై రెండేళ్ళు. పదో తరగతి పాసయ్యాను. ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను, ఇప్పుడు నడుము సహకరించడం లేదు. కంప్యూటర్ నేర్చుకుంటే ఎవరైనా పని ఇస్తారా?"

వయసు మారుతుంది, వృత్తి మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. ఆటో నడిపేవారు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవారు, పిల్లలు పెద్దయ్యాక ఏదైనా పని చూసుకుందామనుకునే గృహిణులు, డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసి చేయి తిరిగినవారు, అందరూ అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

పని ఇస్తారు. అయితే చిన్న ఊళ్ళలో యజమాని సర్టిఫికెట్‌ను తిప్పి చూసి పక్కన పెడతాడు, మీరు చేసి చూపించిన ఫైలును మాత్రం దగ్గరికి జరిగి చూస్తాడు. అందుకే కింది క్రమమంతా ఆ ఒక్క ఫైలు చుట్టూ తిరుగుతుంది. రోజుకు గంటన్నర కేటాయించగలిగితే శిక్షణకు నాలుగు నెలలు, ఆపైన రోజుకు నాలుగు గంటల చొప్పున ఇంటర్న్‌షిప్‌కు నెలన్నర పడుతుంది. నెల రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనే గోడ మీది ప్రకటన చూసి వచ్చినవారికి ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు.

కావలసినవి

- కంప్యూటర్. సొంతది లేకపోతే శిక్షణ కేంద్రంలో అదనంగా గంట కూర్చోనిస్తారేమో ముందే అడగండి. పాత ల్యాప్‌టాప్ కొంటుంటే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి కొనేముందు విండోస్ 11 నడుస్తుందో లేదో అక్కడే తెరిచి చూపించమనండి.
- లెక్కల పట్టికలు వేసే ఎక్సెల్ కొనడానికి డబ్బు లేకపోతే, అదే పని చేసే లిబ్రెఆఫీస్ ఉచితం. నేర్చుకోవడానికి అది చాలు.
- మీ పేరుతో ఒక ఈమెయిల్. పిల్లల ఈమెయిల్ వాడకండి. ఫోను మారిన రోజున పాస్‌వర్డ్ వారి దగ్గరే ఉండిపోతుంది.
- వంద పేజీల నోటుబుక్కు.
- మీ పాత పనికి సంబంధించిన ఒక లెక్కల పుస్తకం. కొలతల పుస్తకం, అరువు పద్దు, ట్రిప్పుల డైరీ, సంఘం పొదుపు పుస్తకం, ఏదైనా సరే. ఇది తప్పనిసరి.

1. కోర్సు కంటే ముందు పని ఎంచుకోండి

"ఏ కోర్సు మంచిది" అని అడిగేవారు సగం దారిలో ఆగిపోవడమే ఎక్కువగా చూశాను. "ఎవరి బల్ల ముందు కూర్చోబోతున్నాను" అని అడిగితే కోర్సు దానంతట అదే తేలుతుంది. చిన్న పట్టణంలో పెద్ద డిగ్రీ లేకుండా అందే బల్లలు ముఖ్యంగా మూడు. ఆడిటర్ ఆఫీసులోనో హోల్‌సేల్ దుకాణంలోనో బిల్లులు, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు ఒకటి. మీసేవ లాంటి కేంద్రాల్లో దరఖాస్తులు నింపడం, స్కానింగు రెండోది. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు, ప్రశ్నపత్రాలు టైపు చేసే డీటీపీ మూడోది.

అరువు పద్దు రాసినవారికి, సంఘం లెక్కలు చూసినవారికి మొదటిది సులువు. నలుగురితో ఓపికగా మాట్లాడగలిగే ఆటో డ్రైవరుకు రెండోది నప్పుతుంది. కుట్టుపని, ముగ్గులు, అలంకరణ తెలిసినవారి కంటికి మూడోది. మూడూ నేర్చుకుంటానంటే ఏదీ రాదు. ఒకటి ఎంచుకోండి.

2. చేతులను అలవాటు చేయండి

మొదటి మూడు వారాలు రోజుకు ఇరవై నిమిషాలు టైపింగు, మిగతా సమయం మౌస్, ఫోల్డర్లు, ఫైలు భద్రం చేయడం. కీబోర్డులో ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీత తగులుతుంది. చూపుడు వేళ్ళు అక్కడ ఆనించి మొదలుపెట్టండి. కిందికి చూసే అలవాటు పోకపోతే చేతుల మీద తువ్వాలు కప్పుకోండి. నవ్వులాటగా ఉంటుంది కానీ పని చేస్తుంది.

ఎంత వేగం కావాలి? రాష్ట్ర సాంకేతిక విద్యా మండళ్ళు జరిపే ఇంగ్లిష్ టైపింగు పరీక్షల్లో లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45 మాటలు లెక్క. ఇంటర్న్‌షిప్‌కు తప్పుల్లేని 25 చాలు. తప్పులతో 40 ఎవరికీ అక్కర్లేదు.

తెలుగు టైపింగు దగ్గర చాలామంది మోసపోతారు. పెళ్ళి పత్రికల దుకాణాల్లో ఎక్కువగా నడిచేవి అను ఫాంట్లు. వాటిలో టైపు చేసిన పాఠం ఆ ఫాంటు లేని చోట పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది. ప్రభుత్వ పోర్టళ్ళకు, వార్తా వెబ్‌సైట్లకు యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి కావాలి. "తెలుగు టైపింగు నేర్పుతాం" అన్న కేంద్రం ఏది నేర్పుతుందో తేల్చడానికి ఒక పరీక్ష: అక్కడ టైపు చేసిన రెండు వాక్యాలు కాపీ చేసి మీ ఫోనుకు వాట్సాప్‌లో పంపించండి. ఫోనులో తెలుగు తెలుగులాగే కనిపిస్తే యూనికోడ్, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తే పాత ఫాంటు. డీటీపీ దుకాణంలో పని చేయాలనుకుంటే రెండూ రావాలి, మిగతా పనులకు యూనికోడ్ ఒక్కటి చాలు. యూనికోడ్‌లో టైపు చేయడానికి విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఉంటుంది. ఎడమ చేతి వైపు అచ్చులు, కుడి చేతి వైపు హల్లులు. వారం రోజులు విసుగు, తర్వాత హాయి.

3. శిక్షణ ఎక్కడ

మీ వయసు మనసులో పెట్టుకుని చదవండి. పథకాలన్నింటిలో మొదట తలుపు మూసేది వయసే.

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు జిల్లాల్లో బ్యాంకుల ఆధ్వర్యంలో నడుస్తాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనాకు ఇది విస్తరణ. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. మామూలుగా 18 నుంచి 45 ఏళ్ళవారిని తీసుకుంటారు. కంప్యూటర్ కోర్సులు ఏడాది పొడవునా ఉండవు కాబట్టి ఏ నెలలో బ్యాచి మొదలవుతుందో ఫోను చేసి కనుక్కోండి.

జన శిక్షణ సంస్థాన్ కేంద్రాలు చదువు మధ్యలో ఆగినవారి కోసమే ఉన్నాయి. 15 నుంచి 45 ఏళ్ళు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో మొదలైంది. అందులో 35 వరకే, మహిళలకు, దివ్యాంగులకు 45 వరకు సడలింపు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు చూస్తాయి. తెలంగాణలో భూదాన్ పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో ఉన్న స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా పల్లె యువతకు ఉపాధి శిక్షణ ఇస్తుంది.

నలభై ఐదు దాటినవారు దిగులు పడవద్దు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వారి సీసీసీ అనే ప్రాథమిక కంప్యూటర్ కోర్సుకు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, చదువు అర్హత అడగరు. 80 గంటల పాఠ్యాంశం, 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, 50 మార్కులొస్తే పాస్. కేంద్రానికి వెళ్ళి చదవచ్చు, ఇంట్లో చదివి పరీక్ష మాత్రమే రాయవచ్చు. నా మాట అడిగితే, సర్టిఫికెట్ కావాలనుకున్నప్పుడు ప్రైవేటు కేంద్రం ఇచ్చే రంగుల కాగితం కంటే ఇదే నయం.

ఒక హెచ్చరిక: పల్లెల్లో ఇంటికొకరికి 20 గంటల శిక్షణ ఇచ్చిన పీఎంజీదిశ పథకం 2024 మార్చితో ముగిసింది. ఇంకా దాని పేరు చెప్పి "రిజిస్ట్రేషన్" వసూలు చేసేవారు తగిలితే పక్కకు తప్పుకోండి. అది నడిచిన రోజుల్లోనే ఉచితం.

ప్రైవేటు కేంద్రంలో చేరుతుంటే ఫీజు కట్టకముందు ఒక గంట క్లాసులో కూర్చోనిమ్మనండి. అక్కడ ఒకటే చూడండి: ఒక్కో కంప్యూటర్ ముందు ఎంతమంది ఉన్నారు? ఇద్దరుంటే ఒకరు నేర్చుకుంటున్నారు, మరొకరు చూస్తున్నారు. నలభై ఏళ్ళవారు మొహమాటానికి మౌస్ పక్కవారికి ఇచ్చేస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ అలా రెండు నెలలు చూస్తూనే గడిపింది. నోట్సు మాత్రం ముత్యాల్లా రాసుకుంది.

4. మీ పాత పనితో ఒక ఫైలు తయారు చేయండి

మిగతా మెట్లలో ఏదైనా తొందరగా దాటేయండి కానీ ఇక్కడ ఒక నెల ఆగండి. కుట్టుపని చేసేవారి కొలతల పుస్తకాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ఎక్సెల్‌లో గానీ లిబ్రెఆఫీస్‌లో గానీ కొత్త షీటు తెరవండి. మొదటి వరుసలో కాలమ్‌ల పేర్లు: వరుస సంఖ్య, ఇచ్చిన తేదీ, పేరు, ఫోను, రకం, ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు, అప్పగించే తేదీ, మొత్తం, అడ్వాన్సు, బాకీ. పుస్తకంలోంచి వంద వరుసలు ఎక్కించండి. అసలు పేర్లు, అసలు ఫోను నంబర్లు మార్చేయండి. ఈ ఫైలు పదిమందికి చూపిస్తారు, మీ ఖాతాదారుల వివరాలు బయటపడకూడదు. బాకీ కాలమ్‌లో లెక్క మీరు వేయకండి. మొత్తం లోంచి అడ్వాన్సు తీసేసే ఫార్ములా రాసి కిందికి లాగండి. చివర అన్నీ కూడే సమ్ ఫార్ములా. ఆపైన ఫిల్టర్ (కావలసిన వరుసలనే చూపించే సాధనం) పెట్టి "రేపు అప్పగించాల్సినవి", "బాకీ ఉన్నవి" విడివిడిగా చూపించగలగాలి.

ఇందులో దాదాపు అందరూ చేసే తప్పులు ఇవి:

- ఫోను నంబరు ముందు సున్నా కొడితే షీటు దాన్ని తీసేస్తుంది. బ్యాంకు ఖాతా నంబర్ల ముందు సున్నాలకూ అదే గతి. ఆధార్ లాంటి 12 అంకెల సంఖ్య మధ్యలో చుక్క, ఇంగ్లిష్ ఈ, ప్లస్ గుర్తులతో వింతగా కుంచించుకుపోతుంది. అన్నింటికంటే ప్రమాదం: ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. మందు చిన్నదే. టైపు చేయకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. కూడికలు, తీసివేతలు చేయని సంఖ్య ఏదైనా టెక్స్ట్‌గానే ఉండాలి.
- 05/06 అంటే జూన్ 5 అని మీ ఉద్దేశం. కంప్యూటర్ మే 6 అనుకోవచ్చు. నెలను అక్షరాల్లో చూపించే పద్ధతి పెట్టుకోండి. తేదీ గడిలో ఎడమవైపుకు అంటుకుని ఉంటే షీటు దాన్ని తేదీగా తీసుకోలేదని అర్థం, కుడివైపుకు ఉంటే తీసుకుంది.
- ఒక్క పేర్ల కాలమ్‌నే ఎంచుకుని అకారాది క్రమంలో పేర్చడం. పేర్లు కదులుతాయి, కొలతలు కదలవు. లక్ష్మి జాకెట్టు కొలతలు రమణమ్మకు వెళ్తాయి. పేర్చేముందు మూడు వరుసలు కాగితం మీద రాసుకుని, పేర్చాక సరిచూడండి. తేడా వస్తే ఫైలు మూసేయకండి, వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కండి.
- క్యాలిక్యులేటర్‌తో కూడి మొత్తం టైపు చేయడం. అందంగానే ఉంటుంది. యజమాని ఒక అంకె మార్చి చూస్తాడు, మొత్తం కదలదు, మీ పరీక్ష అక్కడితో సరి.

సరిచూసుకునే పద్ధతి: ఇంట్లో ఒకరిని పుస్తకం పట్టుకుని పైకి చదవమనండి, మీరు తెర మీద చూడండి. వరసగా కాకుండా ఎక్కడెక్కడో పది వరుసలు. రెండు తప్పులు దొరికితే వంద వరుసలూ చూడాలి. తర్వాత ఏదో ఒక అడ్వాన్సు అంకె మార్చండి. దాని బాకీ, అడుగున మొత్తం రెండూ మారాలి. ఆఖరుగా ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మరో కంప్యూటర్‌లో తెరవండి. "మా ఇంట్లో బాగానే ఉంది" అనే మాట ఆఫీసులో చెల్లదు.

మొదట్లో చెప్పిన ప్రశ్న అడిగినావిడ ఈ ఫైలు పట్టుకుని స్కూలు యూనిఫాంలు కుట్టించే ఒక దుకాణానికి వెళ్ళింది. యజమాని సర్టిఫికెట్ అడగలేదు. "ఐదు వందలకు పైన బాకీ ఉన్నవాళ్ళెంతమంది?" అన్నాడు. ఆవిడ ఫిల్టర్ పెట్టి, పదకొండు మంది అంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

కుట్టుపని కాకపోతే? ఆటోవారు తేదీ, కిలోమీటర్లు, గ్యాసు లేదా డీజిలు, రాబడి, మిగులు వేయండి. సంఘం లెక్కలవారు సభ్యులు, పొదుపు, అప్పు, వాయిదా, వడ్డీ. కిరాణావారు సరుకు, కొన్న ధర, అమ్మిన ధర, నిల్వ. ట్యాలీ దారి ఎంచుకున్నవారు ఇదే నిల్వను ట్యాలీలోనూ ఎక్కించి, రెండుచోట్లా మొత్తాలు కలిసేదాకా వదలకండి.

5. ఇంటర్న్‌షిప్ వెతకండి

ఇంటర్న్‌షిప్ అంటే కొన్ని వారాలు ఒకరి దగ్గర పని చేస్తూ నేర్చుకోవడం. అప్రెంటిస్‌షిప్ వేరు. అది 1961 నాటి చట్టం కింద ఒప్పందం నమోదు చేసి, స్టైపెండు ఇచ్చి నడిపేది. 2019 నిబంధనల్లో అర్హతను బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయలు పెట్టారు. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైన సంస్థల్లో మీ వయసుకు చోటుంటే తప్పక ప్రయత్నించండి.

2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి రోజూ అడుగుతారు. అది మొదలైనప్పుడు పెట్టిన వయసు 21 నుంచి 24. మీ పిల్లలకు చెప్పండి.

నలభై దాటినవారికి మిగిలేది సొంతంగా అడిగి తెచ్చుకునే ఇంటర్న్‌షిప్. ఆన్‌లైన్‌లో వంద దరఖాస్తులు పెట్టే సమయంలో కాలినడకన పది ఆఫీసులు తిరగవచ్చు. వెళ్ళే రోజు ముఖ్యం. ఆడిటర్ ఆఫీసులో ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్నులకు గడువులు. పదో తేదీన వెళ్తే మీ వైపు తలెత్తి చూడరు. 22 తర్వాత వెళ్ళండి. మీసేవ లాంటి కేంద్రాల్లో దీనికి తలకిందులు: బడులు తెరిచే జూన్, జూలైలలో కుల, ఆదాయ ధ్రువపత్రాల రద్దీకి మనుషులు చాలరు. అందుకే మే చివర్లో అడగండి.

ఏమని అడగాలి? ఉద్యోగం కావాలంటే లేదంటారు. ఇలా చెప్పండి:

"నమస్కారం సార్. నేను పదిహేనేళ్ళు కిరాణా దుకాణం నడిపాను. నాలుగు నెలలుగా ఎక్సెల్, ట్యాలీ నేర్చుకున్నాను. ఇది నేను చేసిన ఫైలు. నలభై ఐదు రోజులు రోజుకు నాలుగు గంటలు మీ దగ్గర పని చేసి నేర్చుకోవాలనుకుంటున్నాను. ఒక్క వారం చూడండి."

అంతే. కష్టాలు చెప్పకండి. వయసు వాళ్ళు అడిగితేనే చెప్పండి.

ఒప్పుకున్నాక అర పేజీ కాగితం రాసుకోండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని గంటలు, ఏ పని, రానుపోను ఖర్చులైనా ఇస్తారా, చివర అనుభవ పత్రం ఇస్తారా. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకండి, జిరాక్సులు చాలు. నలభై ఐదు రోజులు దాటాక కూడా "ఇంకొంచెం నేర్చుకోండి" అంటూ జీతం లేకుండా కూర్చోబెడితే అది ఇంటర్న్‌షిప్ కాదు, వెట్టి.

డబ్బు మీరు కట్టే ఇంటర్న్‌షిప్ ఏదైనా మోసమే అనుకోండి. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ పేరుతో నడిచేది మరీ ఘోరం. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు, తర్వాత వందల పేజీలు పంపిస్తారు, చివరికి తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, జరిమానా కట్టండని లాయరు నోటీసు పేరుతో బెదిరిస్తారు. కట్టకండి. సందేశాలన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

6. పనిలో మొదటి వారం

మీకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు నేర్పుతారు. బాబూ, అమ్మా అంటూ పేరు పెట్టి పిలవకుండా తప్పించుకోకండి, పేరు కనుక్కుని "గారు" కలిపి పిలవండి. పని తొందరగా వస్తుంది. అడిగిన ప్రశ్న రెండోసారి అడగకుండా నోటుబుక్కులో మెట్లు రాసుకోండి: ఏ మెనూ, ఏ బటన్, ఏ పేరుతో భద్రం చేయాలి.

మొదటి రోజు ఎంత చేశారో ఎవరూ లెక్కపెట్టరు, ఏం పాడుచేశారో మాత్రం గుర్తుంటుంది. అసలు ఫైలు మీద ఎప్పుడూ పని చేయకండి, నకలు తీసి దాని పేరు చివర ఆ రోజు తేదీ పెట్టండి. ఖాతాదారుల ఆధార్ కాపీలు మీ ఫోనులో ఫొటో తీసుకోకండి, అవసరమై తీసినా సాయంత్రం వెళ్ళేముందు తీసేయండి. దరఖాస్తుదారుడి ఓటీపీ ఆయననే చెప్పనివ్వండి, ఫోను చేతిలోంచి తీసుకోకండి. లేచేటప్పుడు లాగిన్ మూసేయండి.

సొంత తనిఖీకి వారం చివర మూడు అంకెలు రాసుకోండి: ఎన్ని ఎంట్రీలు చేశాను, ఎన్ని వెనక్కి వచ్చాయి, ఎన్నిసార్లు ఇతరులను అడిగాను. రెండో వారానికి మూడో అంకె తగ్గాలి. నాలుగో వారానికి రెండోది తగ్గకపోతే తొందర పడుతున్నారన్నమాట, సగం వేగంతో చేయండి.

7. ముగిసే వారం

నలభయ్యో రోజున అడగండి, నలభై ఐదో రోజున కాదు. "ఈ పని నెలకు ఎంతకు చేయిస్తున్నారు? నేను చేస్తే ఎంత ఇస్తారు?" సగం రోజు పనిగా అడిగితే చిన్న ఆఫీసులు తేలికగా ఒప్పుకుంటాయి. ఇద్దరు దుకాణదారుల లెక్కలు ఉదయం ఒకరివి, సాయంత్రం ఒకరివి చూస్తున్నవారు నాకు తెలుసు.

చోటు లేదంటే అనుభవ పత్రం తీసుకోండి. అందులో "మంచి నడవడి" అని రాసి ఊరుకుంటారు. ఏ పని, ఏ సాఫ్ట్‌వేర్, ఏ తేదీల మధ్య అనేవి రాయించుకోండి. ఇంకో ఆఫీసువారు ఫోను చేస్తే మాట్లాడతారా అని కూడా అడగండి.

ఆ ఆఫీసు ఫైళ్ళు ఏవీ పెన్‌డ్రైవ్‌లో వెంట తెచ్చుకోకండి. పదకొండో ఆఫీసులో చూపించడానికి ఆ నెలన్నరలో నేర్చుకున్న పద్ధతితో మీ పాత ఫైలునే మళ్ళీ చేయండి. కొలతల పుస్తకంలో ఇంకా ఎక్కించని పేజీలు ఎలాగూ ఉంటాయి.